గడియ గిన్నెతో ఉప్పల్, నాచారం

"నువ్వు గూడ రారాదు ఉప్పలుకు?" అన్నాడు మా ఆయన.

"నేనొస్తే బర్రెను ఎవలు సూస్తరు? నువ్వే పో," అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆయన తువ్వాల భుజాన వేసుకుని కాలువ వైపు పోయాడు. నేను పేడ ఎత్తుతున్నాను. తల ఎత్తి కూడా చూడలేదు. పొద్దు బారెడెక్కేసరికి తూము దగ్గర గట్టు మీద పడి ఉన్నాడని కబురొచ్చింది. నేను పోయేసరికే అయిపోయింది. రెండు నెలల తర్వాత అదే బర్రెను మా వదినకు అప్పజెప్పి, ఆయన పోవాల్సిన ఉప్పలుకు నేను పోయాను. పోని వాళ్ళ కోసం ఇది చెప్తున్నాను. మా అన్న బిడ్డ సుజాత రాస్తున్నది. నాకూ అక్షరాలు వచ్చు, వయోజన విద్యలో నేర్పారు. కానీ అవి ఒకదాని పక్కన ఒకటి నిలబడవు, నేను పట్టుకునేలోపు జారిపోతాయి.

నా పేరు సత్తెమ్మ. మాది కీసరకు అవతల చిన్న ఊరు. మా ఆయన ఊరి నీరటి. చెరువు తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలో చూడడం ఆయన పని. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఎవరికీ నీరటి గుర్తుండడు. యాసంగి పంటకు నీళ్ళు తగ్గితే అందరికీ ఆయనే కావాలి. అప్పుడు వంతు కొలవడానికి రాగి గిన్నె ఒకటుంది. అడుగున సన్నటి చిల్లు. నీళ్ళ బానలో వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది. మునిగిందంటే ఒక గడియ. ఎకరానికి ఒక గిన్నె నీళ్ళు, అంతే లెక్క. వాచీలు వచ్చాక కూడా ఊరు ఆ గిన్నెనే నమ్మింది.

మా ఊరి బడిలో సరళ టీచరు ఉంది. పుస్తకంలో ఉన్న రాజుల కంటే ముందు ఊరి సంగతి నేర్పాలంటుంది. పంచాయతీ అంటే ఏమిటో చెప్పడానికి పిల్లలను పంచాయతీ ఆఫీసుకే తీసుకుపోయి సర్పంచును ప్రశ్నలు అడిగించింది. చెరువు ఎవరు తవ్వించారో ముసలివాళ్ళను అడిగి రాసుకురమ్మంది. పోయిన ఏడాది అయిదో తరగతి పిల్లలను తూము దగ్గరికి తెచ్చి మా ఆయనతోనే పాఠం చెప్పించింది. పిల్లలు వాచీ పెట్టి చూస్తే గిన్నె సరిగ్గా ఇరవై నాలుగు నిమిషాలకు మునిగింది. ఆయన ఆ రోజు అన్నం తింటూ కూడా నవ్వుకున్నాడు.

ఆయన పోయాక కొత్త నీరటిని ఎవరూ వెయ్యలేదు. ఊరు కూర్చుని, ఈ యాసంగికి పగటి వంతులు బడిపిల్లలే గిన్నె పెట్టి లెక్కపెట్టాలని తీర్మానం చేసింది. పిల్లలకు లెక్క, ఊరికి సాక్ష్యం, రెండూ అవుతాయంది టీచరు. ఉప్పల్‌లో పంతుళ్ళ మీటింగు మూడు రోజులు ఉందని, ఊరి మనుషులతో పాఠం ఎట్లా చెప్పించాలో అక్కడ చూపిస్తారని, ఆయన బదులు నన్ను రమ్మన్నది.

ప్రయాణం ముందు రోజు గిన్నెను చింతపండు, ఉప్పు వేసి తోమాను. పట్నం పంతుళ్ళ ముందు నల్లగా మకిలిపట్టి ఉంటే బాగుండదనుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్కసారి కూడా దాన్ని నాకు తోమనివ్వలేదు. "ఉండనీ, దాని కర్రెదనం దానికుండనీ" అనేవాడు. మగవాళ్ళకు కొన్ని సామాన్ల మీద పిచ్చి ఉంటుందనుకునేదాన్ని. తోమితే తులసికోట ముందు దీపంలా మెరిసింది.

బస్సులో

కండక్టరు నా మూట తట్టి చూశాడు. "ఏందమ్మా గిది?"

"గిన్నె."

"గిన్నెకు గూడ టికెట్ తియ్యాలె."

"తీస్త. దానికి గూడ సీటియ్యి."

బస్సులో నలుగురు నవ్వారు. నాకూ నవ్వొచ్చి పక్కకు తిరిగాను. ముప్పై ఏళ్ళ అలవాటు, నవ్వొస్తే పక్కకు తిరగడం. పక్కన టమాటల గంప ఉంది. దాని మనిషి నిద్రపోతున్నాడు. మళ్ళీ కిటికీ వైపు తిరిగాను.

ఉప్పల్ చౌరస్తా

ఉప్పల్‌లో దిగగానే చెప్పు తెగింది. చెప్పులు కుట్టేవాడు రూపాయి తీసుకున్నాడు. చాయ్ కూడా రూపాయే, కానీ గ్లాసు చూస్తే మా ఊళ్ళో పసిపిల్లకు మందు తాపే గిన్నెంత. మిరపకాయ బజ్జీలు మాత్రం మన దగ్గరికంటే పెద్దవి, లోపల వాము పెట్టారు. రెండు తిన్నాను. ఒక్కదాన్నే రోడ్డు మీద నిలబడి తినడం నా జన్మలో మొదటిసారి. ఎవరూ చూడలేదు. చూడకపోవడం మొదట బాగుంది, తర్వాత బాగాలేదు. మా ఊళ్ళో నేను దగ్గితే నాలుగిళ్ళు అడుగుతాయి.

పూలమ్మే ఆమె "మూర రెండు రూపాయలు, తీస్కో అక్కా" అంటూ చెయ్యి చాపి, నా నొసలు చూసి మూర వెనక్కి తీసుకుంది. తిట్టలేదు, ఏమీ అనలేదు. పక్కామెను పిలిచింది.

మీటింగు ఒక బడిలో. గేటు దగ్గర బల్ల వేసుకుని ఒకతను పేర్లు రాస్తున్నాడు.

"పేరు?"

"సత్తెమ్మ."

"భర్త పేరు?"

నేను నిలబడ్డాను. మా దాంట్లో పెనిమిటి పేరు నోటితో పలకం. ఎవరన్నా అడిగితే పక్కవాళ్ళు చెప్తారు. అక్కడ నా పక్కన ఎవరున్నారు? వెనక పంతుళ్ళ లైను.

"చెప్పమ్మా, జర జల్ది. ఎనక మస్తు మంది ఉన్నరు." తర్వాత అతనికే తోచినట్టుంది, ముందే పేర్లు రాసిపెట్టిన చీటీల డబ్బా వెతికి ఒకటి తీశాడు. "కీసర దిక్కు నుంచి గిదొక్కటే మిగిలింది. గిది మీదేనా సూడు."

చీటీ చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి కూడబలుక్కున్నాను. రా. ము. లు.

పైకే చదివాను. ఆ చదవడంలోనే ఆయన పేరు నా నోట్లోంచి వచ్చేసింది, ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

"ఆయన రాలేదా?" అన్నాడు.

"రాలేదు," అన్నాను. ఇంకా చెప్పాలంటే వెనక లైను ఉంది. ఆ చీటీనే పిన్నీసుతో నా కొంగుకు పెట్టాడు.

హబ్సిగూడలో నల్లా ఉన్న ఇల్లు

నా పడక హబ్సిగూడలో, సరళ టీచరు స్నేహితురాలి ఇంట్లో పెట్టారు. ఆమె పేరు విజయలక్ష్మి. గుంటూరు వైపు వాళ్ళు. ఆమె భర్తకు ఏదో పరిశోధన చేసే పెద్ద ఆఫీసులో ఉద్యోగం. మంచి మనిషి. గోంగూర పచ్చడి వేసి, దాని మీద నెయ్యి కూడా వేసింది. జొన్నరొట్టె లేదని ఆమే బాధపడింది. అన్నం పెట్టేటప్పుడు వాళ్ళ భాషలో "ఇంకాస్త, ఇంకాస్త" అంటుంది, నాకేమో చాలనడానికి సిగ్గు.

కానీ వంటింట్లో నల్లా ఒకటుంది. ఆమె గిన్నె కడుగుతూ కూతురి చదువు గురించి చెప్పడం మొదలుపెట్టింది. నల్లా తిప్పే ఉంది. గిన్నె కడగడం అయిపోయింది, మాట అయిపోలేదు, నీళ్ళు పోతున్నాయి. నాకు ఆ కూతురి సంగతి ఒక్క ముక్క చెవిలో పడలేదు. ఒక పొలం నీళ్ళు పోతున్నవి, రెండు పొలాల నీళ్ళు పోతున్నవి అనిపించి చివరికి లేచి పోయి కట్టేశాను.

ఆమె నవ్వింది. "ఉండనివ్వండి పెద్దమ్మా, మోటారు వేస్తే మళ్ళీ నిండుతుంది కదా."

"గట్లనా," అన్నాను.

పడుకున్నాక ఈ ముచ్చట ఎవరికి చెప్పాలా అని చూశాను. మా ఆయన వింటే రెండు రోజులు నవ్వేవాడు, మూడో రోజు నుంచి ఊరంతా చెప్పేవాడు. ఆ ఇంట్లో అందరూ నన్ను మంచిగా చూశారు. మంచిగా చూసేవాళ్ళ మధ్య కూడా మాట లోపలే ఉండిపోతుందని అక్కడ తెలిసింది.

రెండో రోజు, ఆ బడిలోనే

నలభై మంది పంతుళ్ళు, పంతులమ్మలు బల్లల మీద పిల్లల్లా కూర్చున్నారు. సరళ టీచరు గోడకు చార్టు కట్టింది. అందులో మా చెరువు, కాలువ, మళ్ళు పిల్లలు గీసినవే ఉన్నాయి. కింద గిన్నె బొమ్మ, దాని పక్కన 24 అని పెద్దగా వేశారు.

నేను లేచి నిలబడ్డాను. ఎవరికెన్ని గిన్నెలో చెప్పాను. ఒకరు తమ వంతు అయిపోయినా మడవ కట్టి నీళ్ళు ఆపకపోతే ఏం చేస్తారో చెప్పాను. గిన్నె మునగ్గానే ఆయన ఎట్లా కేక వేసేవాడో అదీ చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు. ప్లాస్టిక్ బకెట్టులో నీళ్ళు తెచ్చారు. చేతికి పెద్ద వాచీ ఉన్న హెడ్మాస్టరు ఒకాయన ముందుకొచ్చి "సరే పెట్టమ్మా" అన్నాడు.

గిన్నె వదిలాను. అందరూ ముందుకు వంగి చూస్తున్నారు. గిన్నె నిండుతున్నది, ఇంకా నిండుతున్నది. మునిగింది. నేను "మునిగే!" అని కేక వేశాను.

"పద్దెనిమిది నిమిషాలే," అన్నాడు హెడ్మాస్టరు.

"ఉప్పల్ నీళ్ళకు తొందరెక్కువ సార్!" అని వెనక నుంచి ఒకతను అన్నాడు. అందరూ నవ్వారు.

"మల్లొక్కసారి పెట్టుండ్రి," అన్నది సరళ టీచరు. ఆమె మొహం ఎర్రబడింది. 24 అని అంత పెద్దగా వేసింది కదా. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పద్దెనిమిది.

గిన్నె బయటికి తీసి చిల్లు మీద గోరు పెట్టాను. ఆ చిల్లు చుట్టూ బియ్యపు గింజంత తెల్లటి పెచ్చు ఉండేది. ఏళ్ళ తరబడి మా చెరువు నీళ్ళు కట్టిన పెచ్చు. ఇప్పుడు నున్నగా ఉంది. చింతపండు తినేసింది. చిల్లు పెద్దదైంది. ఉండనీ, దాని కర్రెదనం దానికుండనీ అని ఆయన ఎందుకన్నాడో నలభై మంది ముందు అర్థమైంది.

"ఏమైంది సత్తెమ్మా?" అని టీచరు మెల్లగా అడిగింది.

"నీళ్ళు మారినయి గద," అన్నాను.

అబద్ధం. అంతే, దాన్ని పంతుళ్ళు అందుకున్నారు. నీళ్ళలో ఉప్పెక్కువ ఉంటే ఏమవుతుంది, చల్లగా ఉంటే ఏమవుతుంది అని అరగంట మాట్లాడారు. హెడ్మాస్టరు లేచి నా అబద్ధాన్ని సుద్దముక్కతో బోర్డు మీద రాశాడు. రాసి, కింద గీత కూడా కొట్టాడు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని లెక్క వేసుకున్నాను. యాసంగి వంతులకు ఇంకా ఇరవై రోజులు కూడా లేవు. గిన్నె పట్టుకుని కూర్చోబోయేది పదేళ్ళ పిల్లలు. గిన్నె తొందరగా మునిగితే ఊరు గిన్నెను అనదు, పిల్లలను అంటుంది. టీచరును అంటుంది. నేను చెప్తే మా ఆయన ముప్పై ఏళ్ళు కాపాడింది నేను ఒక్క పూటలో నాశనం చేశానని తెలుస్తుంది. చెప్పకపోతే తెలియదు. ఇంత సంగతి చెప్పుకోవడానికి నాకున్నది ఒక్క మనిషి. ఆ మనిషి పేరు నా కొంగు మీద చీటీలో ఉంది.

నాచారం చెరువు

మూడో రోజు అందరినీ నడిపించుకుంటూ నాచారం తీసుకుపోయారు, పాత ఊరు ఎట్లా ఫ్యాక్టరీల ఊరైందో చూడడానికి. సైరన్లు మోగుతున్నాయి. ఒక గేటు దగ్గర తీపి వాసన, పక్క గేటు దగ్గర మందు వాసన. షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళ మీద వరసగా పోతుంటే జాతర విడిచినట్టుంది, కానీ ఎవరి మొహంలోనూ జాతర లేదు.

చెరువు తూము చూపించారు. రాళ్ళు మా ఊరి తూము రాళ్ళలాగే ఉన్నాయి, అదే చెక్కడం. నేను చెయ్యి పెట్టి తడిమాను. దాని ముందు పది అడుగుల్లో ఒక కాంపౌండు గోడ.

"ఇక్కడ నీళ్ళు ఎవరి పొలానికి పోతయి?" అని ఒక పంతులమ్మ అడిగింది.

"గోడకు," అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

గల్లీ బిందె

చెరువు వెనక పనివాళ్ళ గల్లీ. పంతుళ్ళు అక్కడ ముసలివాళ్ళను ప్రశ్నలు అడుగుతున్నారు. నాకు నల్లా కనపడింది, అటు పోయాను. నల్లా కింద బిందెల వరస, ఆడవాళ్ళ వరస. ఒకామె డ్రమ్మంత పెద్ద బిందె తెచ్చి వరసలో పెట్టింది.

"అది బిందెనా, నీళ్ళ బాయా?" అన్నది ముందున్నామె. "తీయ్ తీయ్, గల్లీ బిందెతోనే కొలువు."

అప్పుడు చూశాను. నల్లా పక్కన ఒక స్టీలు బిందె ఉంది, పొట్ట మీద పెద్ద సొట్ట. ఎవరైనా సరే, ఆ బిందెతో పట్టి తమ సామాన్లో పోసుకోవాలి. ఇంటికి రెండు బిందెలు. తర్వాత ఇంకొకరు. నీళ్ళు మిగిలితే మళ్ళీ మొదటి నుంచి. ఇవాళ ముందున్నవాళ్ళు రేపు వెనక.

ముందున్నామె పేరు సరోజన. నల్లగొండ వైపు నుంచి వచ్చారట. ఆమె మగడు ఇనుప పనిలో ఉన్నాడు.

"సొట్ట ఎట్ల పడ్డది?" అని అడిగాను.

"ఆటో ఎక్కిచ్చిండు అక్కా. ఆ ఆటోవోడు మల్ల ఈ గల్లీల కొచ్చిండంటే సూడు."

"సొట్ట పడ్డంక నీళ్ళు తక్కువ వడ్తయి గద. కొట్లాట కాలేదా?"

"ఎందుకైతది? అందరికీ అదే సొట్ట గద."

నా గుండెల మీది బండ సగం దిగినట్టైంది. అందరికీ అదే గిన్నె కదా, తొందరగా మునిగితే అందరికీ తొందరగా మునుగుతుంది. ఇంక చెప్పేదేముంది, అనుకున్నాను.

కానీ ఆమె ఆగలేదు. "నడిరోడ్డు మీద వడ్డది అక్కా, అందరు సూసిన్రు. అదే నేను ఇంట్ల దాసి సొట్ట కొట్టి తెచ్చి పెట్టిన్ననుకో, నా జుట్టు ఉండనిస్తరా వీళ్ళు?"

"ఉండనియ్యం," అన్నది డ్రమ్ము బిందె ఆమె. "ఇప్పుడైనా నీ జుట్టు మీద నాకు నమ్మకం లేదు." ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నేను అక్కడే రాయి మీద కూర్చున్నాను. నీరటి పెండ్లాంగా ముప్పై ఏళ్ళు ఉన్నదాన్ని, ఇంకో సంగతి కూడా ఆ రాయి మీదే తట్టింది. నల్లా దగ్గర అందరూ నల్లా మూతికే నిలబడతారు. కాలువ అట్లా కాదు. కొస మడికి నీళ్ళు నడిచి చేరడానికే సగం గిన్నె పడుతుంది. ఆ నడక గిన్నెతో పాటు తగ్గదు. గిన్నె పావు వంతు తగ్గితే తూము పక్కవాడికి పావు వంతే పోతుంది. కొసవాడికి సగం పోతుంది. మా ఊళ్ళో కొసన ఉన్నవన్నీ ఒక్క ఎకరం వాళ్ళవి. అంటే నా చింతపండు అందరికీ ఒకే సొట్ట కాదు.

సరోజన నాకు ఒక గ్లాసు నీళ్ళిచ్చింది. "ఎవలున్నరు అక్కా నీకు?" అని అడిగింది. ఊరుంది అన్నాను.

ఇంటికొచ్చాక

వచ్చి నాలుగు రోజులైంది. సరళ టీచరు రోజూ అడుగుతున్నది, చూసినవన్నీ చెప్పి రాయించు సత్తెమ్మా, సోమవారం బడిలో చదివిస్తాను, ఊరివాళ్ళను కూడా పిలుస్తాను అని. ఆమె ఇంకా నీళ్ళ మార్పే అనుకుంటున్నది. మన చెరువు నీళ్ళలో గిన్నె పెట్టి చూద్దామన్నది. నేనే రేపు, ఎల్లుండి అంటూ జరిపాను.

చింతపండు సంగతి దగ్గరికి వచ్చేసరికి సుజాత కలం ఆపింది.

"అత్తమ్మా, గిది రాయాల్నా? మామ పేరు ఖరాబైతది. గిన్నె మంచిగ లేదంటే, ఎన్నటి సంది లేదో అంటరు. మామ ఉన్నప్పుడు గూడ గట్లనే కొలిచిండు అంటరు."

ఆ మాట నేనూ అనుకున్నాను. ఉప్పల్ నుంచి కీసర దాకా అదే అనుకుంటూ వచ్చాను.

"అనేటోళ్ళు అంటరు, బిడ్డా. రాయి. తోమింది సత్తెమ్మ అని పేరు పెట్టి రాయి. ఆయన ఉన్నన్ని దినాలు ఇరవై నాలుగే అని గూడ రాయి. పిల్లలు వాచీ పెట్టి సూసిన్రు, వాళ్ళే సాక్షులు."

రాసింది. కాబట్టి ఇది వింటున్న ఊరివాళ్ళకు చెప్పేదేమిటంటే, గిన్నె చెడింది, చెడగొట్టింది నేను. వంతులు మొదలయ్యే ముందు తూము దగ్గర అందరి ముందు, కొసవాళ్ళ ముందు ముఖ్యంగా, పిల్లలతో వాచీ పెట్టించి చూడండి. కొసకు గిన్నె ఒకటి కలపాలా, నీళ్ళు చేరాకే గిన్నె వదలాలా, కొత్త గిన్నె చేయించాలా, అది కూర్చుని మీరే తేల్చండి. తేల్చేటప్పుడు నన్ను తిట్టాలనుకుంటే నేను అక్కడే ఉంటాను. పిల్లలను మాత్రం ఒక్క మాట అనకండి.

అయిపోయింది సుజాతా. కలం పక్కన పెట్టి, ఇదంతా మొదటి నుంచి ఒకసారి నాకు చదివి వినిపించు. మెల్లగా చదువు. ఎక్కడన్నా నా తప్పును పలచన చేసి చెప్పుకున్నానేమో వినాలె.